కాగితం పూల మొక్కకు కెప్టెన్ పేరు సరే, దాన్ని ఏరిందెవరు? (కొమెర్సాన్ – ఝాన్ బారే)

కడియం_బాబి
అందరికీ నమస్కారం. మా నర్సరీలో ఏడాది పొడవునా గిరాకీ ఉండే మొక్క బోగన్‌విల్లా. హైవే డివైడర్లకు లారీలకు లారీలే వెళ్తుంది. మొన్న మొక్కలు కొనడానికి వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి ఆ పేరు ఎవరిదని అడిగితే ఎవరో ఫ్రెంచి దొరదని చెప్పి పంపించాను. తర్వాత ఫోన్లో చూస్తే బూగన్‌విల్ అనే ఆయన నౌకాదళ అధికారి అట. ఆయనకీ మొక్కలకీ ఏంటి సంబంధం? అసలు ఈ మొక్కని ఏరి తెచ్చిందెవరు? తెలిసినవాళ్లు చెప్పండి.

బోటనీ_మేష్టారు
బాబీ, ఏరి, వివరం రాసి, పేరు సూచించినవాడు ఫిలిబెర్ కొమెర్సాన్. 1727 నవంబరు 18న లియోన్‌కి ఉత్తరాన షాతియోన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రికి కొడుకు తనలాగే కోర్టు కాగితాల్లో పడాలని కోరిక. కొడుకు మాత్రం మోంపెలియే వెళ్లి మెడిసిన్‌లో చేరాడు. ఆ రోజుల్లో మొక్కలు నేర్చుకోవాలంటే అదే దారి. మందులు చాలావరకు మొక్కల్లోంచే వచ్చేవి కదా.

మోంపెలియేలో ఉన్న బొటానికల్ గార్డెన్ చాలా పాతది. మనవాడు అందులోకి వెళ్తే ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాడు కాదు. తోటలో ఒక్కటే ఉన్న అరుదైన మొక్కైనా సరే, హెర్బేరియంలోకి (ఎండబెట్టిన మొక్కల సేకరణలోకి) కావాలంటే కోసేయడమే. ప్రొఫెసర్ సోవాజ్‌కి ఒళ్లు మండి లోపలికి రానివ్వొద్దన్నాడు. అయినా రాత్రిళ్లు గోడ దూకి వెళ్లేవాడని ఒక కథ ఉంది. అతని తర్వాతి జీవితం చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

ఇంకా కుర్రవాడిగా ఉండగానే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దృష్టిలో పడ్డాడు. స్వీడన్ రాణి కోసం మధ్యధరా సముద్రపు చేపల్ని వర్ణించి పంపమని లిన్నేయస్ అడిగితే ఆ పని చేశాడు. 1760లో పెళ్లయింది. 1762లో కొడుకు పుట్టగానే భార్య చనిపోయింది. ఆ పిల్లాణ్ణి భార్య అన్నదమ్ముల్లో ఫాదర్‌గా ఉన్న ఒకాయనకి అప్పగించి, 1764లో ఇంటి పనిమనిషితో కలిసి పారిస్ చేరాడు. రాజుగారి తోట పక్కనే కాపురం. అదే ఊరివైపు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త లలాంద్ అతనికి మంచి దోస్తు. బూగన్‌విల్ భూమి చుట్టి రావడానికి బయల్దేరుతున్నప్పుడు, 1766లో, ఆ యాత్రకి రాజుగారి ప్రకృతి శాస్త్రవేత్తగా కొమెర్సాన్‌ని వేశారు.

మిగతాది కరెంటు వచ్చాక రాస్తాను.

సూటిగా_సుత్తిలేకుండా
మేష్టారూ, "ఇంటి పనిమనిషితో కలిసి" అని అరవాక్యంలో దాటేశారు. ఆ పనిమనిషి పేరు ఝాన్ బారే. ప్రపంచాన్ని చుట్టి వచ్చిన మొదటి మహిళగా చరిత్ర ఒప్పుకున్న మనిషి. ముందు ఆవిడ పేరు రాసి తర్వాత ఆయన కథ చెప్పినా తప్పులేదు.

బోటనీ_మేష్టారు
బాబూ, అడిగింది మొక్క సంగతి. ఆవిడ దగ్గరికీ వస్తాను. కథలో మనుషులు ఒక్కొక్కరే వస్తారు.

లియోన్_లలిత
నేనుండేది షాతియోన్‌కి కారులో వెళ్లొచ్చేంత దూరంలోనే, కాబట్టి నా వంతు కాస్త కలుపుతాను.

బారే 1740 జులైలో బర్గండీ ప్రాంతంలో లా కొమెల్ అనే పల్లెలో పుట్టింది. కూలి చేసుకునే కుటుంబం. కొమెర్సాన్ ఇంట్లో పనికి ఎలా కుదిరిందో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. కాగితం మీద ఉన్నది 1764 ఆగస్టు నాటి ఒక నమోదు. అప్పట్లో ఫ్రాన్స్‌లో పెళ్లికాని గర్భవతి నోటరీ దగ్గరికి వెళ్లి తన గర్భం సంగతి నమోదు చేయించాలి. దీగ్వాన్ అనే ఊళ్లో ఆవిడ అది చేయించింది. తండ్రి ఎవరన్న చోట పేరు ఇవ్వలేదు. కొద్ది రోజులకే ఇద్దరూ పారిస్ వెళ్లిపోయారు. పుట్టిన బిడ్డని అనాథ పిల్లల ఆసుపత్రికి ఇచ్చేశారు, ఎక్కువ రోజులు బతకలేదు.

ఓడ ఎక్కేముందు 1766 డిసెంబరులో కొమెర్సాన్ వీలునామా రాశాడు. అందులో బారేకి 600 లివ్రాలు (అప్పటి ఫ్రెంచి డబ్బు), పారిస్ ఇంట్లో సామాను. ఆ వీలునామా రాస్తున్నప్పటికే ఆవిడ కూడా వస్తుందని అనుకున్నాడా లేదా అనేది మీరే ఊహించుకోండి.

కడియం_బాబి
ఆడవాళ్లని ఓడ మీదికి రానిచ్చేవాళ్లా అప్పుడు?

బోటనీ_మేష్టారు
రానివ్వరు. 1689 నుంచీ ఫ్రెంచి నౌకాదళంలో రాజాజ్ఞ ఉంది. యాత్రలో ఉన్నవి రెండు ఓడలు. బూగన్‌విల్ ఎక్కిన బూదూజ్ ముందే వెళ్లిపోయింది. సరుకులు మోసే ఎత్వాల్ 1767 ఫిబ్రవరి 1న రోష్‌ఫోర్ రేవు నుంచి బయల్దేరింది. ప్రకృతి శాస్త్రవేత్తకి ఒక నౌకరు ఖర్చు రాజుగారిది. రేవులో మగ బట్టలేసుకుని "ఝాన్" కాస్తా "జాన్"గా మారి పనికి కుదిరినట్టు నటించింది. కొమెర్సాన్ తెచ్చిన పెట్టెలూ కాగితాలూ చూసి ఎత్వాల్ కెప్టెన్ తన సొంత గదినే వాళ్లకి ఇచ్చేశాడు. దాంతో నావికుల మధ్య పడుకోవాల్సిన బాధ, అందరి ముందూ కాలకృత్యాల బాధ బారేకి తప్పాయి. గుట్టు అన్ని నెలలు దాగడానికి ఆ గది చాలా సాయపడింది.

ఇక్కడ పని ఎలా ఉండేదో చెప్పాలి, లేకపోతే మొక్కలు ఏరడం అంటే పిక్నిక్ అనుకుంటారు. కొమ్మ కోశాక పువ్వు, ఆకు, వీలైతే కాయ, అన్నీ కనిపించేలా కాగితం మీద పరిచి, ఇంకో కాగితం కప్పి, అలా దొంతర పేర్చి బరువు పెట్టాలి. చెమ్మ పీల్చిన కాగితాలు తీసి పొడివి పెట్టాలి. మొదటి వారం రోజూ మార్చాలి. మా స్టూడెంట్లు ఫ్యాను కింద పెట్టి కూడా బూజు పట్టించేవాళ్లు. వీళ్లకి ఉన్నది ఉప్పుగాలి, కారే చెక్కల ఓడ, ఎలుకలు. ఎండిన మొక్కకు ఎక్కడ దొరికింది, పువ్వు రంగేమిటి అని చీటీ రాయాలి, ఎందుకంటే రంగు ఎలాగూ పోతుంది. ఇలా కొన్ని వేల మొక్కలు.

రెండు ఓడలూ 1767 జూన్‌లో రియో డి జనీరోలో కలిశాయి. పోర్చుగీసు వైస్రాయితో గొడవలయ్యాయి, ఒడ్డున తిరగడమే ప్రమాదం. ఎత్వాల్ మీద ఉన్న ఫాదర్‌ని అక్కడే ఎవరో చంపేశారు. ఆ గందరగోళంలో దొరికిందే నీ కాగితం పూల తీగ. దానికి యాత్ర నాయకుడి పేరు పెట్టాడు కొమెర్సాన్. అచ్చులోకి ఎక్కింది మాత్రం 1789లో, జుస్యూ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త పుస్తకంలో. అప్పటికి కొమెర్సాన్ పోయి పదహారేళ్లు.

బాబీ, ఈసారి నీ నర్సరీలో ఒక గుత్తి విప్పి చూడు. రంగు రంగులుగా కాగితంలా ఉన్నవి పువ్వులు కాదు, పువ్వుల్ని చుట్టి ఉండే ఆకుల్లాంటి భాగాలు, వీటినే పుచ్ఛాలు అంటారు. మూడింటి మధ్యలో సన్నటి గొట్టాల్లా తెల్లగా ఉన్నవే అసలు పువ్వులు. మన పెరటి చంద్రకాంత, గట్ల మీద పాకే అటికమామిడి, ఇదీ ఒకే కుటుంబం.

కడియం_బాబి
చంద్రకాంతకి చుట్టమా ఇది! మా దగ్గర పనిచేసే ఆడవాళ్లకి చెప్తే నవ్వుతారు, ఒకదానికి ముల్లే లేదు, ఇంకోదాంతో రోజూ చేతులు గీరుకుపోతాయి.

సూటిగా_సుత్తిలేకుండా
మేష్టారు "కొమెర్సాన్‌కి దొరికింది" అన్నారు. రియోలో ఆయన కాలి పుండుతో నడవలేని స్థితిలో ఉన్నాడు, ఆ తీగని తెంపింది బారేనే అని ఈ మధ్య చాలామంది రాస్తున్నారు. మనం కూడా అలాగే చెప్పుకోవాలి.

లియోన్_లలిత
సూటిగా గారూ, మీ ఉద్దేశం నాకు నచ్చింది కానీ ఇక్కడ నేను అడ్డం పడతాను. ఆయన కాలి పుండు నిజమే, యాత్ర పొడుగునా బాధపెట్టింది. ఆవిడ మోసిందీ నిజమే. కానీ ఆ రోజు ఆ తీగని ఎవరి చెయ్యి తెంపిందో చెప్పే కాగితం ఏదీ లేదు. బారే తన చేత్తో రాసిన యాత్రా వివరం మనకి మిగల్లేదు. ఆవిడ గురించి ఉన్నదంతా మగవాళ్లు రాసిందే: బూగన్‌విల్, ఎత్వాల్ డాక్టరు వివేస్, ఇంకొందరు. ఖాళీ చోటుంది కదా అని మనకి ఇష్టమైన కథ నింపేస్తే ఆవిడకి ఒరిగేదేమీ ఉండదు.

ఉన్న ఆధారమే చాలా బలంగా ఉంది. దక్షిణ అమెరికా దక్షిణపు కొసన ఉన్న మాగెల్లాన్ జలసంధిలో మంచు కొండల మధ్య ఆయన వెళ్లిన ప్రతిచోటికీ ఆవిడ వెళ్లిందని, తిండి, తుపాకులు, మొక్కల అట్టలు మోసిందని బూగన్‌విల్ స్వయంగా రాశాడు. మొక్కల విషయంలో అప్పటికే ఆరితేరిన మనిషి అనీ అన్నాడు. కొమెర్సాన్ మాత్రం "నా బరువులు మోసే జంతువు" అని ముద్దుగానో మోటుగానో పిలిచేవాడట.

సూటిగా_సుత్తిలేకుండా
ముద్దుగా అట! సరే, ఆధారం మాటకి ఒప్పుకుంటున్నా. కానీ మాగెల్లాన్‌లో అట్టలు మోసిన మనిషి రియోలో ఓడమీద కూర్చుని ఈగలు తోలుతుందా? ఆ మాత్రం లాజిక్ వాడొచ్చు.

కోరంగి_పిట్ట
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. అదే మాగెల్లాన్ జలసంధిలో కొమెర్సాన్ నలుపు తెలుపుల చిన్న డాల్ఫిన్‌ని చూసి రాసుకున్నాడు. ఇప్పుడు దాన్ని కొమెర్సాన్ డాల్ఫిన్ అంటారు. తల నల్లగా, నడుము తెల్లగా, ఓడ ముందు గిరికీలు కొడుతూ పోతుంది. 1804లో లసెపేద్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దానికి ఆయన పేరు పెట్టాడు, ఆయన రాసుకున్న కాగితాలు చూసి.

కడియం_బాబి
ఆవిడ గుట్టు ఎప్పుడు బయటపడింది? టెన్షన్ పెట్టకుండా చెప్పండి.

లియోన్_లలిత
బూగన్‌విల్ చెప్పేదాని ప్రకారం పసిఫిక్ సముద్రంలోని తాహితి దీవిలో, 1768 ఏప్రిల్‌లో. ఓడలో గుసగుసలు అంతకుముందు నుంచే ఉన్నాయి. గడ్డం రాదు, ఎవరి ముందూ చొక్కా విప్పదు, గొంతు వేరు. తాహితి ఒడ్డున కొమెర్సాన్ వెంట మొక్కల అట్టలు పట్టుకుని దిగగానే అక్కడి జనం చుట్టుముట్టి ఆడమనిషి అని అరిచారు. ఒక అధికారి అడ్డుపడి పడవ దాకా తీసుకురావలసి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ బూగన్‌విల్ ముందు కన్నీళ్లతో ఒప్పుకుంది. తాను అనాథనని, కోర్టు దావా ఓడి రోడ్డున పడ్డానని, రేవులో యజమానిని కూడా మోసం చేశానని, భూమి చుట్టూ తిరిగొస్తారంటే ఆశపుట్టిందని చెప్పింది. యజమానికి ఏమీ తెలియదనేది పచ్చి అబద్ధం. ఆయన్ని కాపాడటానికి చెప్పిందే. బూగన్‌విల్‌కి కూడా అది తెలియకుండా ఉండదు, కానీ చూసీచూడనట్టు వదిలేశాడు.

వివేస్ మొదలైనవాళ్లు రాసిన కథ వేరు. వాళ్ల లెక్కలో అసలు బయటపడింది ఇంకొన్ని వారాల తర్వాత, న్యూ గినియా పక్కనున్న న్యూ ఐర్లాండ్ దీవి దగ్గర. అందులో ఓడ సిబ్బంది ఆవిడతో ప్రవర్తించిన తీరు చదవడానికే కష్టంగా ఉంటుంది. వివరాలు ఇక్కడ రాయను. తాహితి కథే అందరూ చెప్పుకోవడానికి ఒక కారణం అది వినడానికి అందంగా ఉండటం.

బోటనీ_మేష్టారు
తాహితి గురించి కొమెర్సాన్ రాసిన ఉత్తరం 1769లో పారిస్ పత్రికలో వచ్చి పెద్ద దుమారం రేపింది. అక్కడ దొంగతనం లేదు, అసూయ లేదు, అంతా స్వర్గమే అన్నట్టు రాశాడు. ఉన్నది తొమ్మిది రోజులు! మొక్క ఆకు అంచు ఎలా ఉందో నాలుగు వాక్యాలు రాసే మనిషి, మనుషుల దగ్గరికొచ్చేసరికి తొమ్మిది రోజుల్లో తేల్చేశాడు. మొక్కల మీద అతని చూపు నేను నమ్ముతాను, మనుషుల మీద నమ్మను.

మారిషస్_తెలుగోడు
నమస్కారం. మా పూర్వీకులు చెరుకు తోటల పనికి మారిషస్‌కి వచ్చారు, నేను ఉండేది ఫ్లాక్ జిల్లాలో. కొమెర్సాన్ చనిపోయింది మా జిల్లాలోనే, అందుకే రాస్తున్నాను. నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

1768 నవంబరులో ఓడలు ఇక్కడికి వచ్చాయి. అప్పుడు దీవి ఫ్రెంచివాళ్లది. పరిపాలన చూసే పియేర్ పువావ్ర్‌కి మొక్కల పిచ్చి. డచ్చివాళ్ల గుప్పిట్లో ఉన్న జాజికాయ, లవంగం మొక్కలు తెప్పించి ఇక్కడ పెంచాలని ఆయన పట్టుదల. పాంప్లెమూస్ తోటను పెంచింది ఆయనే. ఇప్పటికీ టూరిస్టులు వెళ్తారు. ఆ తోటలో గుంతలు తవ్వింది, నీళ్లు మోసింది బానిసలు. వాళ్ల పేరుతో ఏ మొక్కా లేదు. కొమెర్సాన్, బారే ఇద్దరూ ఇక్కడే దిగిపోయారు, బూగన్‌విల్ ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. బూగన్‌విల్‌కి కూడా అదే హాయి: చట్టాన్ని దాటి వచ్చిన మనిషిని తన ఓడలో రేవుకి తీసుకెళ్లే బాధ తప్పింది.

1770లో కొమెర్సాన్ మడగాస్కర్ వెళ్లాడు. ప్రకృతి శాస్త్రవేత్తలకి అదే స్వర్గం అని లలాంద్‌కి ఉత్తరం రాశాడు. 1771లో పక్క దీవి రీయూనియన్‌లో అగ్నిపర్వతం ఎక్కాడు. అక్కడి ఒక బిలానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. 2007 ఫిబ్రవరిలో తుఫాను వస్తే ఆ బిలం దగ్గర మూడు రోజుల్లో 3,930 మిల్లీమీటర్ల వాన పడింది, ప్రపంచ రికార్డు.

కడియం_బాబి
మా ఆంధ్రాలో నాలుగేళ్ల వాన మూడు రోజుల్లో! నర్సరీ ఉంటే సముద్రంలో వెతుక్కోవాలి.

మారిషస్_తెలుగోడు
అవును అన్నా. మిగతా కథ తొందరగా చెప్తాను. 1772లో పువావ్ర్ ఫ్రాన్స్‌కి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన అధికారికి కొమెర్సాన్ అంటే గిట్టదు. ఇల్లు ఖాళీ చేయించారు, డబ్బుకి ఇబ్బంది. ఒళ్లు ఎప్పుడో పాడైపోయింది. 1773 మార్చి 13న ఫ్లాక్‌లో చనిపోయాడు, వయసు 45. చనిపోయిన సంగతి తెలియక ఎనిమిది రోజుల తర్వాత పారిస్‌లో సైన్స్ అకాడమీ ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకుంది.

బోటనీ_మేష్టారు
ఇంకో విచిత్రం. మొక్కల కోసం ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల జీవితాలన్నీ ఒక పుస్తకంగా రాయాలని కొమెర్సాన్‌కి ఒక ఆలోచన ఉండేది. బోటనీ అమరవీరుల చరిత్ర అన్నమాట. రాయలేదు, వాళ్లలో కలిసిపోయాడు.

సూటిగా_సుత్తిలేకుండా
ఆ పుస్తకంలో కొడుకు గురించి ఒక అధ్యాయం ఉండాల్సింది. పసివాడిగా వదిలి వెళ్లి మళ్లీ ముఖం చూడలేదు. త్యాగం చేసింది ఆయన ఒక్కడే కాదు.

కోరంగి_పిట్ట
ఏరినవన్నీ ఏమయ్యాయి మేష్టారూ?

బోటనీ_మేష్టారు
34 పెట్టెలు పారిస్ చేరాయి. వాటితో పాటు జొస్సిన్యీ గీసిన బొమ్మలు. ఈ జొస్సిన్యీ మారిషస్‌లో కొమెర్సాన్ దగ్గర చేరిన చిత్రకారుడు, చేపల బొమ్మలు చూస్తే పొలుసు పొలుసు లెక్కపెట్టొచ్చు. మొక్కలు జుస్యూకి, ఇంకో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్‌కి పనికొచ్చాయి. అచ్చులో పేర్లు పెట్టినవాళ్లు వాళ్లే. కొమెర్సాన్ స్వయంగా ప్రచురించింది దాదాపు ఏమీ లేదు. ఏరడం మీద ఉన్న ఆత్రం కూర్చుని పూర్తి చేయడం మీద లేదు. అది అతని లోపమే అంటాను నేను, తొందరగా పోయాడని జాలిపడుతూనే.

చేపల సంగతి ఇంకా దారుణం. చేపని నిలువునా సగానికి కోసి, చర్మాన్ని మొక్కలాగే కాగితం మీద ఎండబెట్టేవాడు. ఆ పెట్టె రాజుగారి తోట అధిపతి బుఫాన్ ఇంటి అటక మీద ఏళ్ల తరబడి పడి ఉంది, తర్వాత ఎప్పుడో ద్యుమెరిల్ అనే జంతుశాస్త్రవేత్త కంటపడింది. ఈలోపు లసెపేద్ అసలు చేపలు చూడకుండా రాతప్రతులు, బొమ్మలు మాత్రమే పెట్టుకుని పుస్తకం రాశాడు. ఫలితం: వర్ణన ఒక చోట, బొమ్మ ఇంకో చోట ఉన్న ఒకే చేపకి రెండు మూడు పేర్లు. తర్వాత కువియే అనే జంతుశాస్త్రవేత్త వచ్చి ఆ చిక్కులు విప్పాడు.

కడియం_బాబి
మరి బారే? మారిషస్‌లో ఒంటరిగా మిగిలిపోయిందా?

లియోన్_లలిత
మిగిలింది, కానీ కుంగిపోలేదు. పోర్ట్ లూయీలో సారా దుకాణం నడిపింది. 1773 చివర్లో ఆదివారం చర్చిలో పూజ జరిగే వేళ మందు పోసినందుకు జరిమానా పడినట్టు రికార్డు ఉంది. నాకు ఆవిడ గురించి దొరికిన కాగితాల్లో అన్నిటికన్నా ఇష్టమైంది అదే. 1774 మేలో దుబెర్నా అనే సైనికుణ్ణి పెళ్లాడింది. ఇద్దరూ కలిసి ఫ్రాన్స్ చేరేసరికి సుమారు 1775. అప్పటికి గానీ ఆవిడ భూప్రదక్షిణ పూర్తి కాలేదు. ఎవరూ బాజాలు మోగించలేదు. 1776లో కొమెర్సాన్ వీలునామా ప్రకారం తన వాటా అడిగి తీసుకుంది. 1785లో నౌకాదళ శాఖ ఆవిడకి ఏడాదికి 200 లివ్రాల పెన్షన్ ఇచ్చింది. ఆ కాగితంలో ఆవిడ అసాధారణ స్త్రీ అని, యజమానితో కష్టాలు పంచుకుందని రాశారు. ఏ నౌకాదళం చట్టాన్ని దాటిందో ఆ నౌకాదళమే! 1807 ఆగస్టులో దొర్దోన్య్ ప్రాంతంలో చనిపోయింది.

సూటిగా_సుత్తిలేకుండా
ఇక పేర్ల లెక్క చూద్దాం. కొమెర్సాన్ పేరుతో పదుల కొద్దీ మొక్కలు, చేపలు, ఒక డాల్ఫిన్, ఒక బిలం. బారే పేరుతో?

బోటనీ_మేష్టారు
పెట్టాడు బాబూ, కొమెర్సానే పెట్టాడు. మడగాస్కర్‌లో దొరికిన ఒక మొక్కకి బరేతియా అని. ఒకే కొమ్మ మీద ఆకులు రకరకాల ఆకారాల్లో ఉండే మొక్క అది. మగ వేషంలో ఉన్న ఆడమనిషికి సరిపోతుందని వివరంగా రాసుకున్నాడు. కానీ ప్రచురించలేదు. ఆ జాతికి అప్పటికే టుర్రేయా అనే పేరు ఉండటంతో ఇది నిలవలేదు. టుర్రేయా మన వేప కుటుంబం.

2012లో దక్షిణ అమెరికాలో, ఈక్వెడార్, పెరూ సరిహద్దు వైపు దొరికిన ఒక తీగకి సొలానమ్ బారేటియే అని పేరు పెట్టారు. దానికి కూడా ఆకులు ఒకే రకంగా ఉండవు, కావాలనే ఎంచుకున్నారు. సొలానమ్ అంటే వంకాయ, బంగాళాదుంప ఉన్న జాతి.

సూటిగా_సుత్తిలేకుండా
235 ఏళ్లకు పైగా ఆగితే వంకాయ చుట్టం దక్కింది. అయినా ఈ పేరు నిలుస్తుంది కదా, ఊరుకుంటున్నా.

కోరంగి_పిట్ట
ఇంత మాట్లాడుకుని యానాం సంగతి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం. మారిషస్‌లో కొమెర్సాన్ దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడు ఒకడున్నాడు, పియేర్ సొన్నెరా. ఆయన 1790 ప్రాంతంలో మన యానాంకి ఫ్రెంచి అధికారిగా వచ్చాడు! శేషాచలం అడవుల్లో కనిపించే బూడిద రంగు అడవికోడి శాస్త్రీయ నామంలో ఉన్నది ఆయన పేరే. మా కోరంగి మడ అడవుల్లో, గాలిలోకి మేకుల్లా వేళ్లు పైకి వచ్చే చెట్టు ఒకటుంది, దాని జాతి పేరు సొన్నెరేషియా.

గురువు అచ్చు వేయించడంలో సోమరి అయితే శిష్యుడు దానికి పూర్తిగా రివర్స్. చూడనివి కూడా చూశానని రాసేశాడు. న్యూ గినియాలో పెంగ్విన్లు ఉన్నాయని బొమ్మ వేయించాడు, ఆ దెబ్బకి ఒక పెంగ్విన్ జాతికి ఇవాళ్టికీ పపువా అనే పేరు ఉండిపోయింది. ఆస్ట్రేలియా కూకబురా పిట్టదీ అదే గతి, దాని శాస్త్రీయ నామంలో న్యూ గినియా ఉండిపోయింది.

కడియం_బాబి
యానాం మాకు పక్కనే! దీని గురించి ఇంకా రాయండి అన్నా. ఆయన ఇల్లేమైనా మిగిలిందా, గోదారి ఒడ్డున ఏ మొక్కలు ఏరాడు?

మోడరేటర్
సొన్నెరా, యానాం సంగతులకు వేరే థ్రెడ్ తెరిచాను, పిట్ట గారి చివరి పోస్టు అక్కడికి కూడా కాపీ చేశాను. కొమెర్సాన్, బారేల గురించి కొత్తగా చెప్పేది ఉంటేనే ఇక్కడ రాయండి. హైవే డివైడర్లకి ఏ రంగు బోగన్‌విల్లా మంచిదనే చర్చ మాత్రం తోటపని విభాగంలో, దయచేసి.